ఆటల కంప్యూటరు: కూర్చుకొందమా, కొనితెచ్చుకొందమా?

కొలతలిచ్చి కుట్టించుకొన్న షేర్వానీకిని, అంగడిలో వ్రేలాడు షేర్వానీకిని గల భేదము మన విద్యార్థులకు తెలియనిది కాదు. ఆటల కొరకు కంప్యూటరు కొనునప్పుడు మాత్రము ఆ వివేకము మరచి, పెట్టెపై వెలుగు రంగుల దీపములకు మురిసిపోవుచున్నారు.

సిద్ధముగా దొరకు యంత్రముల ప్రకటనలలో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డుల పేర్లు పెద్ద అక్షరములలో కనిపించును. వాటికి విద్యుత్తునందించు పవర్ సప్లై ఏపాటిదో పలుమార్లు వ్రాయరు. 16 జీబీ ర్యామును రెండు 8 జీబీ పలకలుగా గాక ఒకే పలకగా బిగించిన యంత్రములును కలవు. రెండు దారుల రాకపోకలు ఒకే దారిన సాగి, కొన్ని ఆటలు కుంటుపడును. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఒక్కొక్క భాగమును విచారించి కొనువాడు ఈ లోపములను ముందే తప్పించుకొనగలడు. ఒకటి చెడినను దానినే మార్చుకొనవచ్చును.

అయితే కూర్చుటయే ఎల్లకాలము చవుక యనుట నిజము కాదు. 2021లో గ్రాఫిక్స్ కార్డులు కరవై, మొత్తము యంత్రము కొన్నవారే పలుచోట్ల లాభపడిరి. 2025 చివర ర్యాము ధరలు పెరిగినప్పుడును లెక్క మరల వేసుకొనవలసి వచ్చెను. పైగా, చెడినదేదో కనుగొనుట మన పనియే. మొదటిసారి నేను ర్యామును పూర్తిగా నొక్కక, రాత్రంతయు నల్లని తెరను చూచుచు కూర్చుంటిని! అయినను కూర్చుకొనుటకే నా ఓటు.

కళాశాల కమిటీవారికొక మనవి: పాతబడిన యంత్రములలో రెంటిని అమ్మివేయక, విప్పి బిగించి నేర్చుకొనుటకు మాకిప్పింపుడు. స్క్రూడ్రైవర్లు మేమే తెచ్చుకొందుము.