వాహనాధ్యాస: నగరవీథిలో ఒక దినం

నగరంలో రెండు కార్లు ఒకదానికొకటి తగిలినప్పుడు, దిగివచ్చినవారి నోట వెలువడే మొదటి మాటను శ్రద్ధగా ఆలకించాలి. "నా కారుకు తగిలించావు" అనేవారు అరుదు. "నన్ను గుద్దావు" అనేవారే అధికం. దేహానికి ఏ స్పర్శా లేదు, ఒక రోమమైనా చలించలేదు. తగిలినది వీపు వెనుక ఎక్కడో ఉన్న బంపరు. అయినా నోట వచ్చినది ఉత్తమపురుష సర్వనామం. ఇది మాట తొందరలో దొర్లిన వ్యాకరణ దోషమని త్రోసిపుచ్చడం తగదు. వేదాంత విచారణకు ఇంతకంటె సులభమైన ప్రవేశద్వారం నగరవాసికి మరొకటి దొరకదు.

శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యానికి ఉపోద్ఘాతంగా రచించిన అధ్యాసభాష్యంలో, మానవుడు తనది కానిదానిని తనపై ఏ ఏ అంతరాలలో ఆరోపించుకుంటాడో క్రమంగా చూపారు. పుత్రభార్యాదుల కలిమిలేములను తన కలిమిలేములుగా భావించడం మొదటిది. అది బాహ్యధర్మాల అధ్యాస. స్థూలుడను, కృశుడను అనుకోవడం దేహధర్మాల అధ్యాస. ఆపైన ఇంద్రియ ధర్మాలు, ఆపైన కామసంకల్పాది అంతఃకరణ ధర్మాలు. వీనిలో మొదటి అంతరంలో నేటి మానవుడు కొత్తగా చేర్చుకున్న వస్తువు వాహనం.

ఈ కొత్త అధ్యాసకు ఒక విశేషం ఉంది. దేహాధ్యాస అనాది. అది పుట్టిన క్షణాన్ని చూసినవాడు లేడు, కనుక దానిని పట్టుకోవడం దుష్కరం. వాహనాధ్యాస అట్లు కాదు. ఉదయం తలుపు వేసి తాళం త్రిప్పిన క్షణాన అది జనిస్తుంది, రాత్రి ఇంజను ఆగినప్పుడు సడలుతుంది. దాని జననమరణాలు రెండూ ఒకే దినంలో, జాగ్రదవస్థలోనే, ప్రత్యక్షంగా గోచరిస్తాయి. సాధకునికి ఇంతటి సౌలభ్యం అడవిలో కూడా ఉండదు. రహదారిని సాధనకు అంతరాయంగా మాత్రమే తలచి, "ఎప్పుడు ఇల్లు చేరి జపానికి కూర్చుంటానో" అని వేగిరపడేవారు చేతికి వచ్చినదానిని జారవిడుచుకుంటున్నారు.

హైదరాబాదు వనస్థలిపురంలో నివసించే ఒక విశ్రాంత అధ్యాపకుని ఒక దినాన్ని ఉదాహరణగా గ్రహించవచ్చు. కుమార్తె వివాహం సమీపించింది. బంధుమిత్రులకు శుభలేఖలు స్వయంగా ఇవ్వాలి. వాట్సాప్‌లో పంపితే పెద్దలు నొచ్చుకుంటారు. భార్య ప్రక్కన కూర్చుంది, వెనుక సీటులో పసుపు అంచుల శుభలేఖల కట్ట, కుంకుమ భరిణె, పండ్ల సంచి. ఇరవై ఏండ్లుగా నిత్యం గీతాపారాయణం చేసే గృహస్థు ఆయన. కారు డ్యాష్‌బోర్డు మీద చిన్న వినాయకుడు ఉన్నాడు. అందరి కార్లలోవలెనే ఆ స్వామి ముఖం దారివైపు లేదు, నడిపేవానివైపు ఉంది. ఆ మూర్తిని అట్లు అతికించడంలో ఎవరికీ ఏ తాత్త్విక ఉద్దేశమూ ఉండదు. అయినా విఘ్నం ఏ దిక్కునుండి వస్తుందో ఆ దిక్కుకే స్వామి చూస్తున్నాడనుకోవడంలో తప్పు లేదు.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి, చాదర్‌ఘాట్ వద్ద మూసీ మీదుగా కోఠీ చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. సుల్తాన్ బజారు వెనుక ఒక సందులో ఆయన మేనత్త ఇల్లు. ఇరువైపులా సున్నం వేసిన పాతగోడలు, వాటిని ఆనుకుని నిలిపిన స్కూటర్లు, కూరల బండి. సందు చివర కారు తిప్పడానికి చోటు లేదు, వెనుకకే రావాలి. ఆయన అద్దాలు చూస్తూ, అంగుళం అంగుళం కొలుస్తూ వెనుకకు తెచ్చారు. భార్య మెచ్చుకుని, "మీకు వీపున కూడా కళ్ళున్నాయండీ" అన్నది. ఆయనకు ఆనందం కలిగింది.

ఇక్కడ ఒక ఆక్షేపం వస్తుంది. వాహనాన్ని తన శరీరంగా భావించకపోతే ఆ సందులోనుండి ఎవరైనా బయటపడగలరా? కారు అంచులు చర్మంవలె తెలియాలి. నాగలి పట్టిన రైతుకు కర్రు కింద రాయి తగిలితే అది చేతికే తెలుస్తుంది. ఆ తెలివిడి లేనివాడు సేద్యానికి పనికిరాడు. కనుక అధ్యాస దోషమని చెప్పేవారు వాహనం నడపడం మానుకోవాలా?

ఆక్షేపం బలమైనదే, సమాధానం భాష్యంలోనే ఉంది. ప్రమాణ ప్రమేయ వ్యవహారమంతా, లౌకికమైనా వైదికమైనా, అధ్యాసను పురస్కరించుకునే సాగుతుందని ఆచార్యులు స్వయంగా అంగీకరించారు. వ్యవహారాన్ని ఆపమని వారు చెప్పలేదు. వివేచించవలసినది మరొకటి. వాహనం అంచులదాకా తెలివి వ్యాపించడం ఒకటి, వాహనం అంచులదాకా అభిమానం వ్యాపించడం వేరొకటి. మొదటిది నైపుణ్యం, రెండవది బంధం. నిపుణుడైన చోదకుని యందు మొదటిది పరిపూర్ణంగా ఉండి, రెండవది స్వల్పంగా ఉంటుంది.

కోఠీ రద్దీలో ఆర్టీసీ బస్సు నడిపే డ్రైవరును చూస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. అంతటి బస్సు ప్రతి మూలా ఆయనకు తెలుసు. ఆటోకు, డివైడరుకు నడుమ జానెడు సందులో దానిని నడిపించగలడు. ఆ బస్సు ఒంటినిండా పాత గీతలు. వాటిలో ఒక్కటీ ఆయన ఒంటి మీద లేదు. డ్యూటీ ముగిసి డిపోలో దిగినప్పుడు వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోతాడు. అద్దె కారు నడిపే యువకుని సంగతి వేరు. గీత పడితే అతనికి కలిగే దుఃఖం అభిమానజనితం కాదు. బ్యాంకు వాయిదా, మెకానిక్కు ఖర్చు, ఆ రోజు పోయిన సంపాదన అతని కళ్ళ ముందు నిలుస్తాయి. అతనితో "వాహనం నీవు కాదు నాయనా" అని పలకడం వేదాంతం కాదు, క్రౌర్యం. వైరాగ్యం తనకు తాను చెప్పుకోవలసిన మాట. సత్సంగాలలో ఈ విచక్షణ తరచుగా లోపిస్తున్నది.

నాంపల్లి, లక్డీకాపూల్, ఖైరతాబాద్ మీదుగా పంజాగుట్ట చేరేసరికి మిట్టమధ్యాహ్నం. సిగ్నల్ స్తంభం మీద ఎర్ర అంకెలు తరుగుతున్నాయి. కారులో విష్ణుసహస్రనామం వినిపిస్తున్నది. ఇంకా నాలుగు సెకన్లు ఉండగానే వెనుకనుండి హారన్ల ఘోష ఆరంభమైంది. ఆ ఒత్తిడిలో, ఆహారపు పెట్టె వీపున తగిలించుకున్న ఒక డెలివరీ యువకుడు కార్ల నడుమ దూరి ముందుకు రాబోయి, అధ్యాపకుని కారు ఎడమ అద్దానికి తగిలి, బండితోసహా ఒరిగి, కాలు నేలకు ఆనించి నిలదొక్కుకున్నాడు. అద్దం లోపలికి మడుచుకుంది. ఆయన కిటికీ దింపి, సహస్రనామం వెనుక మ్రోగుతుండగానే, "కళ్ళు కనపడటం లేదా? నన్ను గుద్దావు కదరా!" అని అరిచారు.

యువకుడు హెల్మెట్ పైకెత్తి, "సారీ అంకుల్, మీకేం తగల్లేదు, అద్దానికే తగిలింది" అన్నాడు.

ఆ యువకుడు ఏ భాష్యమూ చదివినవాడు కాకపోవచ్చు. ఉన్నది ఉన్నట్లు చెప్పాడు, అంతే. ఆత్మానాత్మ వివేకాన్ని పంజాగుట్ట కూడలిలో ఇంతకంటె సంక్షేపంగా నిరూపించడం ఎవరికీ సాధ్యం కాదు. అధ్యాపకునికి అది ధిక్కారంగా వినిపించింది. ఆయన ఇంకేదో అనబోతుండగా భార్య చేయి పట్టుకుని, "ఏమండీ, ఆ అబ్బాయి మోకాలు చూడండి" అన్నది. ప్యాంటు చిరిగి రక్తం కారుతున్నది. మడుచుకున్న అద్దాన్ని చూసిన కళ్ళకు అంతసేపూ రక్తం కనపడలేదు. ఆమె కుంకుమ భరిణె ప్రక్కనున్న చేతిరుమాలు అందించేలోగా పచ్చదీపం వెలిగింది. అతడు కాలు ఈడ్చుకుంటూ బండి కదిలించి సాగిపోయాడు.

"నేను" అనే భావం ఎంతవరకు విస్తరిస్తుందో, ఆ పరిధికి వెలుపల ఉన్న జీవుడు అంతమేర అదృశ్యుడవుతాడు. వాహనాధ్యాసను కేవలం తాత్త్విక కుతూహలంగా తీసుకోరాదనడానికి ఇదే కారణం. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశపు రహదారుల మీద 1,68,491 మంది మరణించారు. ఆ మరణాలలో పదింట ఏడు పాళ్ళకు అతివేగం కారణమని అదే నివేదిక చెబుతున్నది. పూర్వం సారథి తన తప్పును గుర్రాల మీద మోపవచ్చు. అవి బెదిరినవని, పగ్గానికి లొంగలేదని చెప్పవచ్చు. కఠోపనిషత్తు ఇంద్రియాలను గుర్రాలుగా, మనస్సును పగ్గంగా, బుద్ధిని సారథిగా, ఆత్మను రథంలోని రథికునిగా చెప్పినప్పుడు, దుష్టాశ్వాల ప్రసక్తి కూడా తెచ్చింది. ఇప్పటి యంత్రానికి స్వేచ్ఛ లేదు. పాదం ఎంత అదిమితే అంత వేగం, అంతకు మించి లేదు. రహదారి మీద కనిపించే పౌరుషమంతా చోదకునిదే.

కెమెరా పట్టుకున్న ట్రాఫిక్ పోలీసు కనబడగానే సీటుబెల్టు భుజం మీదకు వస్తుంది, అతడు కనుమరుగు కాగానే జారిపోతుంది. వ్యవహారంలో పండితునికీ పశువుకూ భేదం లేదని చూపడానికి ఆచార్యులు ఎత్తిన కర్రను, చేతిలోని పచ్చగడ్డిని ఉదాహరించారు. నేడు వ్రాసి ఉంటే చలానాను ఉదాహరించేవారేమో.

అయినా అదే దారి మీద మరొక దృశ్యమూ ఉంది. బేగంపేట దాటి సికింద్రాబాదు వైపు వెళుతుండగా వెనుకనుండి 108 అంబులెన్స్ కూత వినిపించింది. అప్పటిదాకా అడుగు చోటు కోసం కలహించిన వాహనాలు ఎవరూ ఆజ్ఞాపించకుండానే ప్రక్కకు ఒరిగాయి. ఒక ఆటో ఫుట్‌పాత్ మీదికే ఎక్కింది. లోపల ఉన్నది ఎవరో, ఏ కులమో, ఏ మతమో ఎవరికీ తెలియదు. ఆ అర నిమిషం రహదారి మీద ఎవరి వాహనమూ ఎవరి అహంకారమూ కాలేదు. వెంటనే, ఆ ఖాళీని ఆశ్రయించి ఒక పెద్ద కారు అంబులెన్స్ వెనుకనే దూసుకుపోయింది. అదీ నిజమే. కాని ఒక్క కారును చూసి నూరు వాహనాలు తొలగిన సంగతి మరువడం న్యాయం కాదు. అధ్యాస నైసర్గికమే అయినా, అర నిమిషంపాటు సడలగలదని ఆ నూరుమందీ నిరూపించారు.

మహాభారత శల్యపర్వంలో ఒక ఘట్టం ఉంది. దుర్యోధనుడు పడిపోయిన పిమ్మట పాండవులు కౌరవ శిబిరం చేరుకుంటారు. శ్రీకృష్ణుడు అర్జునుని పిలిచి, గాండీవాన్ని, అమ్ములపొదులను తీసుకుని ముందు రథం దిగమంటాడు. సాధారణంగా రథికుని కంటె ముందు సారథే దిగాలి. అర్జునుడు మారుపలకక దిగుతాడు. తరువాత కృష్ణుడు పగ్గాలు వదలి దిగుతాడు. ధ్వజం మీది కపి అంతర్ధానమవుతుంది. ఆ క్షణాన రథం గుర్రాలతోసహా భగ్గున మండి బూడిదవుతుంది. ద్రోణకర్ణుల దివ్యాస్త్రాలకు అది ఏనాడో దగ్ధమైనదని, తాను కూర్చుని ఉన్నందున మాత్రమే నిలిచినదని స్వామి చెబుతాడు. పద్దెనిమిది దినాలు తనను మోసిన రథం, అగ్నిదేవుని వలన లభించిన రథం, కళ్ళ ముందు బూడిద అయితే అర్జునుడు ఆశ్చర్యపడి కారణం అడిగాడు. నష్టపోయానని విలపించలేదు. యుద్ధారంభాన బంధువులను చూసి వణికినవాడు ఈయనే. గీతాశ్రవణ ఫలం ఏమిటని అడిగేవారు పదకొండవ అధ్యాయంలోని విశ్వరూపం దగ్గరే ఆగిపోతారు. రథం దిగిన ఈ ఘట్టంలో వెదకేవారు తక్కువ.

అధ్యాపకుడు సికింద్రాబాదులో నాలుగు ఇండ్లు, ట్యాంక్‌బండ్ మీదుగా వెనుదిరిగి మెహదీపట్నంలో రెండు ఇండ్లు చూసుకుని, పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేసరికి చీకటి పడింది. సిగ్నల్ లేని పదకొండు కిలోమీటర్ల పైచిలుకు దారి. ఆయన మామూలుకంటె మెల్లగా నడిపారు. "ఆ పిల్లవాడు మందు వేసుకున్నాడో లేదో" అని ఒకసారి అన్నారు. భార్య బదులు చెప్పలేదు. ఆరాంఘర్ వద్ద దిగి, చాంద్రాయణగుట్ట, ఎల్బీనగర్ మీదుగా ఇల్లు చేరేసరికి పది గంటలైంది.

సెల్లారులో కారు నిలిపి, పండ్ల సంచి తీయడానికి వెనుక తలుపు తెరవబోయినప్పుడు ఆయనకు గీత కనిపించింది. ఎడమ వెనుక తలుపు మీద మూరెడు పొడవున, రంగు లేచిపోయి, లోపలి రేకు తెలిసేటంత లోతుగా ఉంది. గుండె కలుక్కుమంది. గీత పడి ఎన్ని గంటలైందో తెలియదు, బాధ మాత్రం అప్పుడే పుట్టింది. "ఆ కుర్రవాడే..." అని ఆయన ఆరంభించారు.

భార్య సెల్‌ఫోను దీపం దగ్గరగా పట్టింది. ఆయన వంగి, గీత వెంబడి వేలితో రాశారు. వేలికి తెల్లని పొడి అంటుకుంది. సుల్తాన్ బజారు సందులోని గోడ సున్నం.

ఆయన వేలు పంచెకు తుడుచుకుని, మిగిలిన శుభలేఖలు లెక్కపెట్టారు. కూకట్‌పల్లివైపు ఆరు ఉన్నాయి.