సంత్రాగాఛి పటం ఎవరి దగ్గరుంది?

హౌరా నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపింది. ఆ ధైర్యంతోనే తెలుగులో రాస్తున్నాను. విజయవాడ మీదుగా చెన్నై వెళ్లే బళ్లు ఎక్కేవాళ్లకు సంత్రాగాఛి ఒక స్టేషన్. హౌరాలో కాపురముండేవాళ్లకు అదొక పేట. ఈ రెండో సంగతి పెద్ద ప్రణాళికల్లో ఎక్కడా కనబడదన్నదే నా బాధ.

మీ ఊరికి ప్రణాళికల కరువు ఎప్పుడూ లేదు. 1956 చట్టంతో హౌరా ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు వచ్చింది. ఇరుకు ఇళ్లు తీసి రోడ్డు వెయ్యడమే అభివృద్ధి అనుకున్న కాలమది. కలరా భయం, తాగునీటి కొరత ముదిరాక 1961లో కలకత్తా మహానగర ప్రణాళికా సంస్థ పుట్టింది. అది 1966లో ఇచ్చిన ప్రణాళిక హుగ్లీ నదికి రెండు ఒడ్డులనూ కలిపి ఒకే నగరంగా చూసింది. 1970లో మహానగర అభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక నాకు అన్నిటికన్నా నచ్చిన మలుపు వచ్చింది. బస్తీలను కూల్చకుండా, జనం ఉన్నచోటనే కుళాయి, మరుగుదొడ్డి, నడవడానికి గట్టి దారి, దీపం ఇచ్చారు. పేదవాడి ఇల్లు నగరంలో భాగమేనని సర్కారు ఒప్పుకున్న రోజులవి. దేశంలో మొట్టమొదటి మహానగర ప్రణాళికా సంఘం 2001లో ఏర్పడిందీ ఈ రాష్ట్రంలోనే. ఆ దశాబ్దంలో మునిసిపాలిటీలే వార్డుల్లో జనాన్ని అడిగి తమ అభివృద్ధి ప్రణాళికల ముసాయిదాలు రాసుకునే పద్ధతీ మొదలైంది.

కూల్చడం దగ్గర మొదలై అడగడం దాకా వచ్చిన ఆ నడక మధ్యలో ఆగిపోయింది. హౌరా పాలకవర్గం పదవీకాలం 2018 డిసెంబరులో ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలు లేవు. అయిదేళ్లకోసారి ఎన్నికలు జరపాలనీ, జనాభా మూడు లక్షలు, ఆపైన ఉన్న ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలనీ 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. కౌన్సిలరే లేనప్పుడు మురుగు పొంగితే జనం ఎవరి గుమ్మం తొక్కాలి?

సంత్రాగాఛి చెరువు సంగతే తీసుకోండి. చలికాలం వస్తే వేల ఈలబాతులు అక్కడ దిగుతాయి. అవి వాలడానికి గుర్రపుడెక్కను కొంత తీసి, కొంత దిబ్బలుగా వదలాలి. అన్నీ ఊడ్చేసినా చిక్కే, ఏమీ తియ్యకపోయినా చిక్కే. ఆ లెక్క గట్టున ఉండేవాళ్లకు తెలుసు. చెరువు ఆగ్నేయ రైల్వేది, అందులోకి చేరే మురుగు ఊరిది. పర్యావరణ ఉద్యమకారుడు సుభాష్ దత్తా 2016లో జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. శుద్ధి కేంద్రం కట్టమని ట్రైబ్యునల్ చెప్పాక కూడా ఖర్చెవరిది, స్థలమెవరిదన్న వాదనలోనే కాలం గడిచింది.

స్టేషన్‌దీ అదే కథ. 1992లో విద్యాసాగర్ సేతు తెరిచాక కోనా ఎక్స్‌ప్రెస్‌వే కోల్‌కతాకు పడమటి వాకిలి అయింది, ఆ రద్దీ అంతా ఈ పేట మీద పడింది. 2018 అక్టోబరు 23న ఒకేసారి బళ్లు రావడంతో పాదచారుల వంతెన మీద తొక్కిసలాట జరిగి ఇద్దరు చనిపోయారు. ఇప్పుడు ఆ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆరు వరుసల ఎత్తైన దారి కడుతున్నారు. లారీకి అది అవసరమే, కాదనను. పెట్టె నెత్తిన పెట్టుకుని, పిల్లను చంకనేసుకుని స్టేషన్ నుంచి బస్సు దాకా నడిచే తల్లి దారి మాత్రం ఏ శాఖ పనుల్లోనూ నాకు కనబడలేదు.

కమిషనర్ గారూ, రైల్వే, మహానగర సంస్థ, రహదారుల శాఖ, మీ కార్యాలయం, నలుగురి దగ్గరా నాలుగు పటాలున్నాయి. ఆ నాలుగూ ఒకే బల్ల మీద పరిచి సంత్రాగాఛికి ఒక్క పటం గీయించండి. చెరువు, దానిలోకి వచ్చే ప్రతి కాలువ, నడిచే దారులు, బస్సులు ఆగే చోటు అందులో ఉండాలి. బెంగాలీ, హిందీ, తెలుగు భాషల్లో దాన్ని స్టేషన్ గోడకు అంటించి, అభ్యంతరాలకు గడువివ్వండి. వార్డు కమిటీ మళ్లీ ప్రాణం పోసుకునేదాకా నెలకోసారి మీ ఇంజనీరును చెరువు గట్టుకు పంపి, జనం చెప్పింది రాయించుకోండి. చలికాలానికి ముందే ఆ మొదటి సమావేశం తేదీ ప్రకటించండి.

ఇట్లు,
సంత్రాగాఛి తెలుగువాడు