పాత బ్యాండే అసలు బ్యాండన్న వాదం

అమెరికా హైస్కూళ్లలో సెప్టెంబరు, అక్టోబరు శుక్రవారం రాత్రులు ఫుట్‌బాల్‌వి. హాఫ్‌టైమ్‌లో మాత్రం మైదానం మార్చింగ్ బ్యాండ్‌ది. సీజన్‌లో ఒక ఆటను హోమ్‌కమింగ్‌గా జరుపుతారు. పాత విద్యార్థులు ఊరికి వస్తారు, ఊరేగింపు తీస్తారు, పిల్లల్లోంచి రాణినీ రాజునూ ఎన్నుకుంటారు. ఈ రెండు సంప్రదాయాలూ చెడిపోయాయన్న మాట అక్కడ బలంగా పాతుకుపోయింది. ఒకప్పటి బ్యాండ్ ఊరికోసం వాయించేదనీ, నేటిది ఎవరికీ అర్థంకాని ప్రదర్శనలతో న్యాయనిర్ణేతల మెప్పుకోసం పాకులాడుతోందనీ ఫిర్యాదు. ఈ వాదం చరిత్ర ముందు నిలవదు.

ఆ పాతది ఎంత పాతది? 1907లో పర్డ్యూ విశ్వవిద్యాలయ బ్యాండ్ మైదానంలో ‘పి’ అక్షరం ఆకారంలో నిలబడితే అదే పెద్ద వింత. హైస్కూలు బ్యాండ్లు ఊరూరా వెలిసింది మొదటి ప్రపంచయుద్ధం తర్వాతే. సైనిక బ్యాండ్లలో పనిచేసినవారు బడుల్లో మాస్టర్లయ్యారు. సరుకు అమ్ముకోవాల్సిన వాయిద్యాల కంపెనీలు వారికి దన్నుగా నిలిచాయి. 1923లో షికాగోలో జరిగిన తొలి జాతీయ స్కూలు బ్యాండ్ పోటీ వెనక ఉన్నదీ ఆ కంపెనీలే. పోటీ నిన్నమొన్న పట్టిన జబ్బేమీ కాదు. హోమ్‌కమింగ్ సైతం కాలేజీల నుంచి హైస్కూళ్లకు దిగినదే. తొలి ఘనత తమదంటే తమదని 1909 నాటి బేలర్, 1910 నాటి ఇల్లినాయ్, 1911 నాటి మిస్సోరి విశ్వవిద్యాలయాలు నేటికీ వాదించుకుంటాయి.

అసలు కోపమంతా 1970ల మార్పు మీద. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో డ్రమ్, బ్యూగిల్ బృందాల పోటీలు నడిపే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ తొలి చాంపియన్‌షిప్ జరిగాక, ఆ బృందాల శైలి హైస్కూళ్లను కమ్మేసింది. మోకాళ్లెత్తి వేసే పాత అడుగు పోయి, మడమ నుంచి వేళ్లదాకా పాదాన్ని నేలమీద దొర్లించే అడుగు వచ్చింది. అయిదు గజాలకు ఎనిమిది అడుగులు, అంటే ఒక్కోటి 22.5 అంగుళాలు. కాళ్లు పక్కకో వెనక్కో వెళ్తున్నా భుజాలు గ్యాలరీ వైపే తిరిగి ఉండాలి. నడుం పైభాగం అదిరిందా, ట్రంపెట్ పెదవి మీద కదిలి స్వరం వణుకుతుంది. ఆగస్టు ఎండలో, పార్కింగ్ స్థలంలో గీసిన గీతల మధ్య, పద్నాలుగేళ్ల పిల్లలు ఈ ఒక్క అడుగుకోసం రోజుల తరబడి చెమటోడుస్తారు. ఇంత సాధనను ఆర్భాటమని కొట్టిపారేయడం అన్యాయం.

పాతదంతా పోయిందన్నదీ నిజం కాదు. తూర్పు టెక్సస్‌లో సైనిక పద్ధతి బ్యాండ్లు ఇంకా ఉన్నాయి. ఫ్లోరిడా ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో 1946 నుంచి విలియం ఫోస్టర్ తీర్చిదిద్దిన ఎత్తడుగుల శైలి దక్షిణాది నల్లజాతి పిల్లల బ్యాండ్లలో ఉరకలేస్తోంది. పోయినవాటిలో కొన్ని పోవాల్సినవే. అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని సమర్థించిన పక్షం పాట ‘డిక్సీ’ని దక్షిణాది స్కూళ్లు ఎన్నో ఏళ్లు వాయించాయి, నల్లజాతి విద్యార్థులు ఎదురుతిరిగాకే చాలాచోట్ల ఆగింది. మిసిసిపీ విశ్వవిద్యాలయ బ్యాండ్ దాన్ని వదిలింది 2016లో! ఆడపిల్లలను చేర్చుకోని కాలేజీ బ్యాండ్లు 1970ల వరకూ ఉన్నాయి. సంప్రదాయం పేరుతో కన్నీళ్లు పెట్టేవారు ఈ సంగతులు దాటేస్తారు.

ఫిర్యాదులో ఒక ముక్క నిజం. పోటీ ప్రదర్శనల ఆకారాలు పైనున్న న్యాయనిర్ణేతలకు కనిపించినట్టు కింది వరసల్లో కూర్చున్న తాతలకు కనిపించవు. కానీ ఆ పిల్లలే మిగతా ఆటంతా గ్యాలరీలో కూర్చుని స్కూలు పాట, హుషారు పాటలు వాయిస్తూనే ఉంటారు.

కోపం రావాల్సిన చోటు వేరే ఉంది. పెద్ద పోటీలకు వెళ్లే బ్యాండ్లలో యూనిఫాం, బస్సులు, బయటి శిక్షకుల జీతాలు, రంగస్థల సామగ్రి కలిసి ఒక్కో కుటుంబం మీద ఏడాదికి వెయ్యి డాలర్లకు పైగా పడడం మామూలే. వాయిద్యం కొనుగోలు లేదా అద్దె దానికి అదనం. కట్టలేని ఇంటి పిల్ల పేరు నమోదు దాకా రాకుండానే ఆగిపోతుంది. కొత్త శైలిని తిట్టే గొంతులు స్కూలు బోర్డు సమావేశాల్లో ఈ రుసుము గురించి, బ్యాండ్‌కు ప్రభుత్వ పద్దు గురించి లేవడం అరుదు.