బొమ్మల చిత్రాలు – మన విమర్శకుల మౌనం

బొమ్మల చిత్రాలు పిల్లల కాలక్షేపమని చప్పరించే పండితులతో నాకు పేచీ లేదు. చూడనిదాన్ని గురించి వారు చెప్పే మాటకు జవాబెందుకు? నా పేచీ చూసినవారితోనే. స్ట్రీమింగ్‌లో వస్తున్న యానిమేషన్ ధారావాహికలను శ్రద్ధగా చూసి కూడా, వాటిలో 'ఆధునిక మానవుని ఏకాకితనం' తప్ప మరేమీ కనబడని విమర్శక మిత్రులతో.

వారు తరచు ఎత్తే ఉదాహరణనే తీసుకుందాం. 2014 నుంచి 2020 దాకా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'బోజాక్ హార్స్‌మన్' గుర్రపు తల గల ఒక మాజీ టెలివిజన్ నటుని కథ. వెలిగిన రోజులు వెళ్లిపోయాయి. తాగుడూ, ఆత్మద్వేషమూ మిగిలాయి. మంచి రచన. 2016లో వచ్చిన ఒక భాగం సముద్రగర్భంలో దాదాపు సంభాషణ లేకుండా నడిచి, చెప్పలేకపోయిన క్షమాపణ ఎంత బరువో చూపుతుంది. ఈ శిల్పాన్ని మెచ్చనివాడు రసికుడు కాడు.

అయితే అదే రచనలో 2019లో విడుదలైన భాగాలూ ఉన్నాయి. ఒక మహాసంస్థ అకృత్యాలను డయాన్ అనే రచయిత్రి బయటపెట్టబోతే, శతకోటీశ్వరులు చేసే హత్య నేరం కాదని ఏకంగా చట్టమే వస్తుంది. హాలీవుడ్ పెద్దల దగ్గర చాకిరీ చేసే సహాయకులు సమ్మె కడతారు. మన మిత్రుల వ్యాసాల్లో ఈ సమ్మెకు చోటేది? గుర్రం కన్నీరు కనబడ్డ కంటికి సహాయకుల సమ్మె ఎందుకు కనబడదు? కన్నీటిని 'మానవ స్థితి' అని తేల్చి తప్పుకోవచ్చు. సమ్మె అయితే యజమాని పేరు అడుగుతుంది గనుక.

ఆ వ్యంగ్యానికి డబ్బు పెట్టింది కూడా ఒక మహాసంస్థే గదా, పెట్టుబడి ఉదారమైనదే గదా అని వాదించేవారున్నారు. చందాదారులను తెచ్చినంత కాలం వ్యంగ్యమూ సరుకే. ఆ ఉదారత కొలత తెలియాలంటే ఆ 2019నే చూడండి. బోజాక్ లోకానికి రూపురేఖలు దిద్దిన లీసా హనవాల్ట్, ఇద్దరు ఆడపక్షుల స్నేహాన్ని వస్తువుగా తీసుకుని 'టూకా అండ్ బెర్టీ' సృష్టించింది. మే నెలలో విడుదలైంది. జూలైలో నెట్‌ఫ్లిక్స్ దాన్ని ఆపేసింది. తరువాత చేరదీసిన మరో సంస్థ కూడా 2022లో వదిలేసింది.

ఆపడంతో సరిపోలేదు, చెరపడం కూడా మొదలైంది. 2022 ఏప్రిల్‌లో వార్నర్, డిస్కవరీ సంస్థలు ఒకటైనాయి. ఆగస్టులో 'ఇన్ఫినిటీ ట్రైన్'ను, మరెన్నో చిత్రాలతోపాటు, హెచ్‌బీవో మాక్స్ నుంచి తీసేశారు. దాని సృష్టికర్త ఓవెన్ డెన్నిస్ బహిరంగంగానే నిరసించాడు. ప్రచురణకర్త దివాలా తీసినా అచ్చయిన పుస్తకం గ్రంథాలయంలో బతుకుతుంది. చందా కట్టి చూసినవాని చేతిలో ఏం మిగులుతుంది? రేపు విద్యార్థులకు పాఠం చెప్పబోతే పాఠ్యమే మాయమై ఉంటుంది. యజమాని జమాఖర్చుల పుస్తకం కళాచరిత్రను దిద్దుతున్న వేళ, విమర్శకుడు అస్తిత్వ వేదనను గురించి మాత్రమే మాట్లాడితే అది తటస్థత అనిపించుకోదు. అదీ ఒక పక్షమే.

ఈ కళలో శ్రమ సమస్య కొత్తది కాదు. 1941లోనే డిస్నీ చిత్రకారులు సమ్మె చేశారు. మనకు దూరమైనదీ కాదు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'మైటీ లిటిల్ భీమ్' హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ నిర్మించినదే. మన తరగతుల్లో కూర్చున్న పిల్లలే రేపు ఇటువంటి స్టూడియోల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటారు.

శిల్పాన్ని విడిచిపెట్టమని ఎవరూ అనడం లేదు. దానితోపాటు మూడు ప్రశ్నలు అడగమంటున్నాను: ఈ బొమ్మ ఎవరు గీశారు? ఏ కూలికి గీశారు? దాన్ని చెరిపే హక్కు ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్నలు అడగడానికి జంకే విమర్శ ఎంత సొంపుగా రాసినా, యజమాని ప్రకటనకు అనుబంధంగానే మిగులుతుంది.