ల్యాబులో ఆడపిల్లలు ఉన్నారు, పై మెట్లపై ఎందరు?

జ్వరం తగ్గనప్పుడు డాక్టరుగారు కల్చర్ పరీక్ష రాస్తారు. గాజు పళ్లెంలో జెల్లీలాంటి పదార్థం మీద క్రిములను పెంచి, ఏ మందుకు చస్తాయో చూస్తారు. ఆ పదార్థం అగార్. సముద్రపు నాచు నుంచి తీస్తారు. అంతకు ముందు వాడిన జెలటిన్ వేడికి కరిగిపోయేది. దాని బదులు అగార్ వాడమని 1881లో సలహా ఇచ్చినది ఫానీ హెస్సే. జీతం లేకుండా భర్త పరిశోధనలో సాయపడిన ఇల్లాలు. 1882లో క్షయ క్రిమి గురించి రాబర్ట్ కాక్ రాసిన వ్యాసంలో అగార్ ఉంది, ఆమె పేరు లేదు.

ఇప్పుడు పేర్లు వినబడుతున్నాయి. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త డాక్టర్ మంజులా రెడ్డి బాక్టీరియా గోడపై చేసిన కృషికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి పొందారు. ఆ గోడ మన వల వంటిదే. అల్లి ఉన్న వల మధ్యలో కొత్త కన్నులు కలపాలంటే ముందు కొన్ని ముడులు కోయాలి కదా! క్రిమి పెరగాలన్నా అలా కోసే ఎంజైములు తప్పనిసరి అని ఆమె బృందం చూపింది. వాటిని అడ్డుకోగలిగితే కొత్త మందులకు దారి దొరకవచ్చు.

వేలూరు సీఎంసీలో పనిచేసిన డాక్టర్ గగన్‌దీప్ కాంగ్ పసిపిల్లల విరేచనాలకు కారణమయ్యే రోటా వైరస్‌పై ఏళ్ల తరబడి శ్రమించారు. 2019లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. రోటా టీకాను 2016లో మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

అయినా 2025 వరకు వైద్య నోబెల్ అందుకున్న 232 మందిలో మహిళలు 14 మందే. ఆడపిల్లలకు ఆసక్తి లేదనడం సరికాదని మా అభిప్రాయం. సైన్సు తరగతుల్లో, ల్యాబుల్లో వారికి కొదవ లేదు. పెళ్లి, పసిబిడ్డ, ఇంటి పని మీద పడే వయసులోనే పీహెచ్‌డీ, ఉద్యోగ ఎంపిక కూడా వస్తాయి. అక్కడే చాలామంది ఆగిపోతున్నారు. పిల్లల సంరక్షణ కేంద్రం, భద్రమైన హాస్టలు, ఎంపిక సంఘాల్లో మహిళలకు చోటు కల్పించడం సంస్థల బాధ్యత.

ఇక మన ఇళ్ల బాధ్యత. తల్లిదండ్రులారా, పరిశోధన అంటే ఖర్చే అనుకోకండి. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ సాధించినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. విరామం తరువాత తిరిగి రావాలనుకునే మహిళలకు కేంద్ర ప్రభుత్వపు వైజ్-కిరణ్ పథకాలున్నాయి. మీ అమ్మాయి ఇంకా చదువుతానంటే, "ఇక చాలు" అనే ముందు ఈ వివరాలు ఒకసారి కనుక్కోండి.