తల్లి కువైట్‌లో, తంబ్ ఇక్కడెలా?

రేషన్ కార్డులో పేరున్న ప్రతి ఒక్కరూ వేలిముద్ర వేసి ఈ-కేవైసీ చేయించుకోవాలన్న నిబంధన రాష్ట్రమంతటికీ ఒకటే. దాని దెబ్బ మాత్రం గల్ఫ్‌ను నమ్ముకుని బతికే ఊళ్లకే గట్టిగా తగులుతోంది. రాజోలు, మలికిపురం, నర్సాపురం, మొగల్తూరు ప్రాంతాల్లో ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. వెళ్లేది చాలావరకు ఆడవాళ్లే, ఇంటి పనికి. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. ‘అమ్మాయి అక్కడుంటే తంబ్ ఎవరు వేస్తారయ్యా?’ అని ఆ ముసలమ్మ అడిగితే రేషన్ డీలర్ గ్రామ సచివాలయానికి వెళ్లమంటాడు. సచివాలయంలో గడువు తేదీ చెబుతారు.

2025లో ఆ గడువును మార్చి 31 నుంచి ఏప్రిల్ 30కి జరిపారు. అయిదేళ్ల లోపు పిల్లలకు, 80 దాటిన వృద్ధులకు మినహాయింపు ఇచ్చారు. మంచిదే. పసివాడి వేలు, పండు ముసలి వేలు యంత్రానికి అందవని గ్రహించిన ప్రభుత్వానికి, వేల కిలోమీటర్ల అవతలున్న వేలు అందదని తోచలేదా?

దొంగ కార్డులు ఏరివేయాలంటే మేమూ సరేనంటాం. కువైట్‌లో ఉన్న మనిషి ఇక్కడి బియ్యం తినదు. ఆమె వంతు అయిదు కిలోలు ఆపేయండి, ఎవరూ గొడవ చేయరు. ఈ-కేవైసీ లేదని పేరు కొట్టేయడం వేరు. బియ్యం కార్డు బియ్యానికే పరిమితం కాదు, ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన ఆరోగ్యశ్రీ వైద్యానికీ అది ఆధారం. రెండేళ్ల ఒప్పందం ముగించుకుని, నడుం విరిగి, తిరిగొచ్చిన మనిషికి ఆసుపత్రి మెట్టు దగ్గర ఆ పేరే అవసరం.

పరాయి దేశం ఏం చేసిందో చూడండి. కువైట్ 2024 డిసెంబర్ 31 గడువు పెట్టి అక్కడున్న విదేశీయుల వేలిముద్రలు, కంటిపాప, ముఖచిత్రం తీసుకుంది. ఇవ్వనివారికి బ్యాంకు లావాదేవీలు ఆపేసింది. కఠినమే. అయినా విమానాశ్రయంలో, సరిహద్దుల్లో, ఊళ్లలోని కేంద్రాల్లో యంత్రాలు పెట్టి మరీ అడిగింది. మన కూలీ వేలిముద్ర కువైట్ ప్రభుత్వానికి కువైట్‌లోనే దొరికింది. మన ప్రభుత్వానికి కావాలంటే మాత్రం ఆమె విమానం టికెట్ కొనుక్కుని రావాలట!

రాయబార కార్యాలయంలో ఒక యంత్రం పెడితే సరిపోదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది, సెలవు దొరకదు. ఆకామా (నివాస అనుమతి) పోయి ‘ఖల్లివల్లి’ అయినవాళ్లు, అంటే అనుమతి లేకుండా ఉండిపోయినవాళ్లు, ఆ గుమ్మం తొక్కడానికే జంకుతారు. అందుకే ఫోన్‌లోనే ముఖం చూపించి ధ్రువీకరించే వీలుండాలి. 2021 నుంచి కేంద్ర పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ అలాగే ఇస్తున్నారు. పింఛనుదారుకు పనికొచ్చిన కెమెరా పనిమనిషికి పనికిరాదా?

అసలు చిక్కు పిల్లలది. అయిదేళ్ల లోపు బిడ్డకు ఆధార్ తీయాలంటే తల్లిదండ్రుల్లో ఒకరు లేదా చట్టబద్ధ సంరక్షకులు ధ్రువీకరించాలి. తండ్రి లేని ఇంట్లో తల్లి గల్ఫ్‌లో ఉంటే, బిడ్డను పెంచుతున్న అమ్మమ్మ కాగితాల్లో ఎవరూ కాదు. బడి పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు తల్లి ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే వెళ్తుంది. పోనీ అమ్మమ్మ తన పని తాను చక్కబెట్టుకుందామన్నా, నాట్లు వేసి, కొబ్బరి పీచు వలిచి అరిగిన వేళ్లను యంత్రం గుర్తించదు. ఆధార్ లేదని ఏ బిడ్డకూ ప్రయోజనాలు నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26 తీర్పులో స్పష్టంగా చెప్పింది. ఆ మాట సచివాలయం కౌంటర్ దాకా రాలేదు.

వేలిముద్రతో రేషన్ ఇచ్చే పద్ధతిని 2012లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది కోనసీమ కూడా కలిసి ఉన్న అప్పటి తూర్పుగోదావరిలోనే. లోపాలు ముందుగా చూసినవాళ్లం మనమే. గల్ఫ్‌లో ఉన్నవారి పేర్లను తొలగించకుండా తాత్కాలికంగా పక్కన పెట్టి, తిరిగొచ్చిన వెంటనే పునరుద్ధరించాలి. బిడ్డను పెంచుతున్న అమ్మమ్మనో నాయనమ్మనో సచివాలయం విచారించి సంరక్షకురాలిగా గుర్తించాలి. వలస కార్మికుల కోసం అమలాపురంలో జిల్లా యంత్రాంగం నడుపుతున్న కేంద్రానికే ఈ బాధ్యత అప్పగించవచ్చు. కోనసీమ, పశ్చిమ గోదావరి శాసనసభ్యులు ఈ సంగతిని వచ్చే సమావేశాల్లోనే సభలో లేవనెత్తాలి. అందాకా గల్ఫ్‌లో ఉన్నవారి పేరు ఒక్కటి కూడా కార్డుల్లోంచి తీయకుండా పౌరసరఫరాల శాఖ ఉత్తర్వు ఇవ్వాలి.