నాలుగు దారుల కూడలిలో బేరం

బ్లూస్ సంగీతం అమెరికాలోని మిసిసిపీ డెల్టా పత్తి చేలలో, నల్లజాతి కూలీల బతుకుల్లోంచి పుట్టింది. దాని వెంటే ఒక గాథా పుట్టింది. గిటారు పట్టుబడని కుర్రవాడొకడు అర్ధరాత్రి నాలుగు దారుల కూడలికి వెళతాడు. సైతాను వచ్చి గిటారు అందుకుని, శ్రుతి చేసి తిరిగి ఇస్తాడు. ఆనాటి నుంచి ఆ కుర్రవాడికి ఎదురుండదు. బదులుగా ఆత్మ తాకట్టు పడుతుంది.

ఈ గాథ రాబర్ట్ జాన్సన్ పేరు మీద స్థిరపడింది. 1911లో పుట్టిన జాన్సన్ 1936, 1937 సంవత్సరాల్లో టెక్సస్‌లో 29 పాటలు రికార్డు చేసి, 1938లో 27 ఏళ్లకే కన్నుమూశాడు. చరిత్రలో మాత్రం సైతాను లేడు, గురువు ఉన్నాడు. ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటారిస్టు దగ్గర జాన్సన్ నేర్చుకున్నాడు. ప్రశాంతంగా ఉంటుందని ఇద్దరూ రాత్రిళ్లు శ్మశానంలో సాధన చేసేవారు. బేరం కథ అంతకు ముందే టామీ జాన్సన్ అనే మరో గాయకుడి గురించి ప్రచారంలో ఉంది. కూడలి సైతాను మూలాలు ఇంకా వెనక్కి, పశ్చిమ ఆఫ్రికా దేవుడు లెగ్బా దాకా వెళతాయి. దారులకు కావలి కాసే ఆ దేవుడికి సైతాను ముద్ర వేసింది క్రైస్తవ దృష్టి.

1961లో కొలంబియా సంస్థ జాన్సన్ పాటలను ఎల్.పి.గా తెచ్చాక బ్రిటన్ యువ గిటారిస్టులు వాటిని అందిపుచ్చుకున్నారు. కూడలి గాథ రాక్ సంగీతానికీ మూలకథ అయింది. రాక్ తారలు జిమీ హెండ్రిక్స్, జానిస్ జోప్లిన్, జిమ్ మోరిసన్ కూడా 27 ఏళ్లకే పోవడంతో ఆ సంఖ్యకూ అపశకునం అంటుకుంది.

కాల్పనిక సాహిత్యం ఈ సామగ్రిని అనేక రీతుల్లో వాడుకుంది. మ్యాన్లీ వేడ్ వెల్‌మన్ 1951 నుంచి రాసిన సిల్వర్ జాన్ కథల్లో కొండల వెంట తిరిగే గాయకుడి వెండి తీగల గిటారు దుష్టశక్తులను తరిమికొడుతుంది. అక్కడ సంగీతమే రక్ష. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 1983 నాటి ‘ది ఆర్మగెడాన్ రాగ్’ నవలలో, గాయకుడు వేదిక మీదే తుపాకీ గుండుకు బలైన రాక్ బృందం మళ్లీ కూడుతుంది. ఓడిపోయిన ఒక తరం ఆశలు, ఆగ్రహం దానితోపాటు లేచి వస్తాయి. లూయిస్ షైనర్ 1993 నాటి ‘గ్లింప్సెస్’లో స్టీరియోలు బాగుచేసే ఒక మనిషి, సంగీతకారులు పూర్తి చేయలేకపోయిన ఆల్బమ్‌లను తన మనసులోంచి రప్పించగలుగుతాడు.

గాథ లోతును అందుకున్న నవల షెర్మన్ అలెక్సీ ‘రిజర్వేషన్ బ్లూస్’ (1995). చనిపోయాడనుకున్న జాన్సన్ అమెరికాలోని స్పొకేన్ ఆదివాసుల రిజర్వేషన్ ప్రాంతానికి వస్తాడు. అతని గిటారు అక్కడి యువకుల చేతికి చిక్కుతుంది. వారిని ఆశపెట్టే రికార్డు కంపెనీ ప్రతినిధుల పేర్లు షెరిడన్, రైట్. ఇద్దరూ 19వ శతాబ్దంలో ఆదివాసులపై యుద్ధం చేసిన సైనికాధికారుల పేర్లు మోస్తున్నవారే. సైతానుతో బేరం ఇక్కడ కంపెనీ ఒప్పందంగా మారుతుంది. 1932 నాటి మిసిసిపీలో జరిగే రయన్ కూగ్లర్ చిత్రం ‘సిన్నర్స్’ (2025)లో రక్తపిశాచాలు నల్లజాతి కుర్రవాడి పాటను తమ సొంతం చేసుకోజూస్తాయి. దోపిడీని ఇంత సూటిగా చూపిన పిశాచ కథలు అరుదు.

ప్రతిభను సైతాను వరంగా చెప్పే కథ కళాకారుడి సాధనను, గురువును, జాతి అనుభవాన్ని తుడిచేస్తుంది. ఆ పాటతో లాభపడ్డదెవరు, మూల్యం చెల్లించిందెవరు అని అడిగిన కథ వాటిని తిరిగి నిలబెడుతుంది. ఈ సాహిత్యంలో నిలిచే రచనలు ఆ ప్రశ్న వేసినవే.